పరీక్షకు చిక్కని మత్తు, మనసును చుట్టుకునే జబ్బు: కొత్త సింథటిక్ డ్రగ్స్‌తో వచ్చే మానసిక రుగ్మతలు

సంక్షిప్తంగా

ప్రయోగశాలల్లో పుట్టిన కొత్త మత్తు రసాయనాలు తెచ్చిపెట్టే మానసిక లక్షణాలు వైద్యులకు కొత్తవి కావు. అకారణ అనుమానాలు, లేనివి కనిపించడం, వినిపించడం, పట్టలేని ఉద్రేకం, అయోమయం, ఆత్మహత్య ఆలోచనలు పాత మత్తు పదార్థాలతోనూ ఉండేవే. కొత్తగా వచ్చిన చిక్కు వేరు. ఈ రసాయనాల్లో చాలావరకు మెదడును పాతవాటికన్నా ఎంతో బలంగా పట్టుకుంటాయి. ఏం వాడామో వాడినవారికే తెలియదు. ఆసుపత్రిలో చేసే మామూలు మూత్ర పరీక్షలో అవి బయటపడవు. అందువల్ల చికిత్సను పదార్థం పేరు తెలిసేదాకా ఆపకుండా కనిపిస్తున్న లక్షణాలను బట్టే మొదలుపెట్టాలి. జబ్బుకు పేరు పెట్టడంలో మాత్రం తొందర పనికిరాదు. లక్షణాలు ఎన్నాళ్లు నిలుస్తాయో చూశాకే ఆ పని చేయాలి.

ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి

ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల కార్యాలయం దృష్టికి ఇప్పటివరకు వచ్చిన ఇలాంటి పదార్థాలు 1,000కి పైమాటే. వీటిని కొత్తవి అంటున్నా, అన్నీ నిన్నమొన్న కనిపెట్టినవి కావు. ఉత్తేజపరిచే మత్తు పదార్థమైన మెఫిడ్రోన్‌ను మొదట తయారుచేసింది 1929లో. అలాంటిదే అయిన ఎండీపీవీ 1960ల నాటిది. హెరాయిన్‌ను మించిన తీవ్రతతో ప్రాణాలు తీస్తున్న నైటాజీన్లు అనే ఓపియాయిడ్లు (నల్లమందు తరహా రసాయనాలు) 1950ల్లో నొప్పి మందుల పరిశోధనలో పుట్టి, మందుగా ఎన్నడూ బయటికి రాకుండా మూలన పడినవి. ఇవి అంగట్లోకి రావడమే కొత్త.

గంజాయికి ప్రత్యామ్నాయంగా అమ్మే రసాయనాల్లో మొదట పేరుమోసింది జేడబ్ల్యూహెచ్-018. అమెరికాలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త జాన్ హఫ్‌మన్ బృందం, మెదడులోని కన్నాబినాయిడ్ రిసెప్టర్లు (గంజాయి రసాయనాలు అతుక్కునే, నాడీకణాల మీది గ్రాహకాలు) ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి దాన్ని తయారుచేసింది. ప్రచురితమైన పరిశోధన పత్రాల్లోని ఫార్ములాను అక్రమ తయారీదారులు అందిపుచ్చుకున్నారు. 2008 చివర్లో, 'స్పైస్' పేరుతో యూరప్‌లో ధూపం ఆకులంటూ అమ్ముతున్న పొట్లాల్లో ఇది ఉన్నట్టు జర్మనీలో తేలింది. 2009 జనవరిలో అక్కడ నిషేధించారు. వారాలు తిరగకుండానే దాని స్థానంలో నిర్మాణం కాస్త మార్చిన జేడబ్ల్యూహెచ్-073 వచ్చి చేరింది.

అప్పటినుంచి జరుగుతున్న కథ ఇదే. ఒక అణువును నిషేధిస్తే దానికో తోక తగిలించో, ఒక పరమాణువు మార్చో మరొకటి తెస్తారు. చైనా 2015 అక్టోబరులో 116 పదార్థాలను ఒక్కసారిగా నియంత్రణలోకి తెచ్చాక, అమెరికాలోని ఫ్లోరిడాలో 'ఫ్లాకా' పేరుతో చెలరేగిన ఆల్ఫా-పీవీపీ చాలావరకు సద్దుమణిగింది. చైనాయే 2021 జులైలో సింథటిక్ కన్నాబినాయిడ్లను విడివిడిగా కాకుండా మొత్తం తరగతిగా నిషేధిస్తే, ఆ నిర్వచనంలోకి రాని వేరే రసాయన చట్రంతో కొత్తవి పుట్టుకొచ్చాయి. బ్రిటన్ 2016లో తెచ్చిన చట్టంతో ఇవి బహిరంగంగా అమ్మే దుకాణాలు మూతపడ్డాయి కానీ వ్యాపారం వీధుల్లోకి, జైళ్లలోకి మళ్లింది.

మానసిక ఆరోగ్యం వైపు నుంచి చూస్తే ఈ పరుగుపందెంతో పెద్ద నష్టమే జరుగుతోంది. మనిషి శరీరంలో ఎలా ప్రవర్తిస్తుందో ఎవరూ పరీక్షించని రసాయనం ప్రతిసారీ నేరుగా వాడేవారిమీదే ప్రయోగానికి వస్తోంది. తక్కువ పరిమాణంలో ఎక్కువ మత్తు ఇచ్చేది దాచడానికి, రవాణాకు సులువు. కాబట్టి మార్పు ఎక్కువసార్లు మరింత తీవ్రమైన రసాయనం వైపే సాగుతుంది.

సింథటిక్ కన్నాబినాయిడ్లు: వీటిని గంజాయి అనుకోవడమే మొదటి ప్రమాదం

గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ, మెదడులోని సీబీ1 రిసెప్టర్‌ను పాక్షికంగానే ప్రేరేపిస్తుంది. ఎంత ఎక్కువ తీసుకున్నా ఆ ప్రేరణకు ఒక పరిమితి ఉంటుంది. సింథటిక్ కన్నాబినాయిడ్లలో అత్యధికం అదే రిసెప్టర్‌ను పూర్తిస్థాయిలో ప్రేరేపిస్తాయి. కుళాయిని సగం తిప్పి ఆగే చేతికీ, చివరిదాకా తిప్పేసే చేతికీ ఉన్న తేడా ఇది. పైగా వీటిలో కొన్ని కాలేయంలో విచ్ఛిన్నమయ్యాక ఏర్పడే పదార్థాలు కూడా ఆ రిసెప్టర్‌పై పనిచేస్తూనే ఉంటాయి. గంజాయి మొక్కలో టీహెచ్‌సీ ప్రభావాన్ని కొంతవరకు తగ్గిస్తుందని భావించే సీబీడీ వీటిలో ఉండదు.

సీబీ1 రిసెప్టర్లు ఆలోచనను, జ్ఞాపకాన్ని, భయాన్ని నడిపే ప్రాంతాల్లో కిక్కిరిసి ఉంటాయి. నాడీకణాల కొసల మీద కూర్చుని గాబా, గ్లుటమేట్ అనే సంకేత రసాయనాల విడుదలకు కళ్లెం వేయడం వాటి పని. ఈ రెంటి మధ్య తూకం ఒక్కసారిగా తప్పితే ఒకవైపు మూర్ఛలు, మరోవైపు డోపమైన్ అనే మరో సంకేత రసాయనం అదుపు తప్పి అనుమానాలు, భ్రాంతులు మొదలవుతాయి. అందుకే గంజాయితో అరుదుగా కనిపించే మూర్ఛ, తీవ్రమైన ఉద్రేకం, ఆగని వాంతులు, కిడ్నీలు దెబ్బతినడం వంటివి వీటితో ఎక్కువగా కనిపిస్తాయి. కొందరు ఉలుకూ పలుకూ లేకుండా, ఉంచిన భంగిమలోనే గంటల తరబడి ఉండిపోతారు. కాటటోనియా అనే ఈ స్థితిని మత్తు నిద్రగా పొరబడి వదిలేస్తే నీరసం, రక్తం గడ్డలు, కండరాల క్షయం దాకా వెళ్తుంది.

తీవ్రత ఎంతదాకా పోగలదో 2016 జులైలో న్యూయార్క్‌లో వెల్లడైంది. బ్రూక్లిన్‌లో ఒకే ప్రాంతంలో 33 మంది చూపు నిలిచిపోయి, మూలుగుతూ, యంత్రాల్లా కదులుతూ కనిపించారు. 18 మందిని ఆసుపత్రులకు తరలించారు. వాళ్ల రక్త, మూత్ర నమూనాల్లో దొరికిన ఆనవాళ్లను బట్టి అది ఏఎంబీ-ఫుబినాకా అని తేలింది. ఒక మందుల కంపెనీ 2009లో పేటెంట్ తీసుకున్న అణువుకు దగ్గరి చుట్టం ఇది. టీహెచ్‌సీకన్నా సుమారు 85 రెట్లు, జేడబ్ల్యూహెచ్-018 కన్నా సుమారు 50 రెట్లు శక్తిమంతమని ఆ ఘటనను పరిశీలించినవారు లెక్కగట్టారు. 2008 నుంచి 2016 వరకు, ఎనిమిదేళ్లలో ఒకే కుటుంబంలో వచ్చిన మార్పు ఇంత.

ఆకుల పొట్లాల్లో మరో చిక్కు ఉంది. రసాయనాన్ని ఎండుటాకుల మీద చల్లి ఆరబెట్టినప్పుడు అది అంతటా సమానంగా పట్టదు. ఒకే పొట్లంలో ఒక చిటికెడులో దాదాపు ఏమీ ఉండదు, పక్క చిటికెడులో ప్రాణాంతకమైన మోతాదు ఉంటుంది. నిన్న ఏమీ కాలేదు కదా అన్న ధైర్యానికి ఇక్కడ ఆధారమే లేదు. ఇదే రసాయనాన్ని కాగితాలకు పట్టించి ఉత్తరాల రూపంలో జైళ్లకు చేరవేయడం, వేప్ ద్రవాల్లో కలిపి టీహెచ్‌సీ అని అమ్మడం ఇప్పుడు పెరిగింది. 2018లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఇలాంటి ఉత్పత్తుల్లో ఎలుకల మందు బ్రోడిఫకూమ్ కలిసి, 150 మందికి పైగా రక్తస్రావంతో ఆసుపత్రుల పాలయ్యారు. అయోమయంగా ఉన్న రోగికి చిగుళ్లనుంచి, మూత్రంలో రక్తం వస్తుంటే ఈ సంగతి గుర్తుకు రావాలి.

మానేసినప్పుడు వచ్చే బాధ కూడా గంజాయితో పోలిస్తే తొందరగా, గట్టిగా ఉంటుంది. చివరిసారి పీల్చిన కొద్ది గంటల్లోనే చెమటలు, వణుకు, తీవ్రమైన ఆందోళన, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి. రాత్రిళ్లు లేచి మళ్లీ పీల్చేవారు దీన్నుంచి తప్పించుకోవడానికే అలా చేస్తారు.

సింథటిక్ కాథినోన్లు: నిద్ర లేని మెదడు

ఖాట్ అనే మొక్క ఆకుల్లో ఉండే కాథినోన్‌కు అనుకరణలు ఇవి. 'బాత్ సాల్ట్స్' పేరు వీటిదే. రసాయనపరంగా ఆంఫెటమైన్‌కు అక్కచెల్లెళ్లు, కానీ పనిచేసే తీరులో తమలో తమకే తేడా ఉంది. మెఫిడ్రోన్ నాడీకణాల్లో నిల్వ ఉన్న డోపమైన్, సెరటోనిన్‌లను బయటికి తోసేస్తుంది. ఎండీపీవీ, ఆల్ఫా-పీవీపీలు బయటికి వచ్చిన డోపమైన్, నారెడ్రినలిన్‌లు తిరిగి లోపలికి వెళ్లే దారి మూసేస్తాయి. సెరటోనిన్ మీద వీటి ప్రభావం స్వల్పం. సెరటోనిన్ పాలు ఎక్కువగా ఉన్న మందులు కొంతసేపటికి తృప్తినిచ్చి ఆగనిస్తాయి. డోపమైన్ ఒక్కదాన్నే పట్టుకునేవి మళ్లీ మళ్లీ కావాలనిపిస్తాయి. ఎండీపీవీ రకాలతో రెండు మూడు రోజులు వరసగా, తిండీ నిద్రా లేకుండా వాడటం ఎక్కువ కావడానికి కారణం ఇది.

మానసిక లక్షణాల్లో సగం పాపం ఆ నిద్రలేమిదే. మొదటి రోజు మాటల ఊట, అతి ఆత్మవిశ్వాసం. రెండో రోజుకు ఎవరో గమనిస్తున్నారన్న అనుమానం, కిటికీలు మూయడం, ఫోన్ ముక్కలు చేయడం. మూడో రోజుకు చర్మం కింద పురుగులు పాకుతున్నట్టు స్పర్శ భ్రాంతులు, వాటిని పీకడానికి గోకిన పుండ్లు. ఆ దశలో ఒంటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటడం, కండరాలు కరిగి మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారడం, రక్తంలో ఆమ్లత పెరగడం జరిగితే సమస్య మానసికం నుంచి ప్రాణాపాయంలోకి జారిపోతుంది. తర్వాత వచ్చే పతనాన్ని తక్కువగా చూడటం తరచూ జరిగే తప్పు. డోపమైన్ అడుగంటిన ఆ కొద్ది రోజుల్లో నిరాశ ఎంత గాఢంగా ఉంటుందంటే, ఉద్రేకం తగ్గి నిద్రపోయాడని ఇంటికి పంపిన రోగి ఆత్మహత్యకు ప్రయత్నించే ముప్పు అప్పుడే ఎక్కువ.

ఈ పదార్థాల గురించి చెలామణీలో ఉన్న భయానక కథలన్నీ నిజం కావు. 2012లో మయామీలో ఒక వ్యక్తి మరొకరి ముఖం కొరికిన ఘటనకు 'బాత్ సాల్ట్స్' కారణమని ప్రపంచమంతా ప్రచారమైంది. ప్రయోగశాల పరీక్షల్లో దొరికింది గంజాయి ఆనవాళ్లు మాత్రమే. అతిశయోక్తి వల్ల నష్టం ఏమిటంటే, అలాంటి దృశ్యం కళ్ల ముందు కనిపించనప్పుడు కుటుంబాలు ప్రమాదం లేదనుకుంటాయి.

కెటమైన్ అనుకరణలు, ఎన్‌బోమ్‌లు, నకిలీ నిద్రమాత్రలు

మెథాక్సెటమైన్, 3-మీవో-పీసీపీ వంటివి గ్లుటమేట్ సంకేతాన్ని అందుకునే ఎన్ఎండీఏ రిసెప్టర్‌ను అడ్డుకుంటాయి. వీటి మూలపురుషుడు పీసీపీ 1950ల్లో మత్తుమందుగా వచ్చి, శస్త్రచికిత్స తర్వాత రోగులు తీవ్ర అయోమయంలో పడుతుండటంతో మనుషుల వాడకం నుంచి వైదొలగింది. కాథినోన్ల వంటి ఉత్ప్రేరకాల (మెదడును ఉత్తేజపరిచే మత్తు పదార్థాల) వల్ల వచ్చే సైకోసిస్‌లో, అంటే వాస్తవంతో సంబంధం తెగిన మానసిక స్థితిలో, ప్రధానంగా అనుమానాలు, భ్రాంతులు కనిపిస్తే, ఈ గుంపులో వాటితోపాటు భావశూన్యత, మాట తగ్గిపోవడం, ఆలోచన తెగిపోవడం కూడా ఉంటాయి. అంటే స్కిజోఫ్రీనియా అనే దీర్ఘకాలిక మానసిక జబ్బును పూర్తిగా పోలిన చిత్రం. పొరపాటు నిర్ధారణకు అవకాశం ఇక్కడే అన్నిటికన్నా ఎక్కువ. పైకి కిందికి కొట్టుకునే కనుగుడ్లు, నొప్పి తెలియకపోవడం, తూలే నడక అసలు సంగతిని పట్టిస్తాయి.

25ఐ-ఎన్‌బోమ్‌ను 2003లో జర్మనీలో సెరటోనిన్ 2ఏ రిసెప్టర్ పరిశోధన కోసం తయారుచేశారు. కాగితపు ముక్కల మీద ఎల్ఎస్‌డీ అని అమ్ముతారు. ఎల్ఎస్‌డీ ఆ రిసెప్టర్‌ను పాక్షికంగా ప్రేరేపిస్తే, దీని పట్టు మరింత బలంగా ఉంటుంది, రక్తనాళాలను గట్టిగా బిగిస్తుంది. మూర్ఛలు, అతి వేడి, మరణాలు నమోదయ్యాయి. భ్రాంతులు తగ్గిన వారాల తర్వాత కూడా కదిలే వస్తువుల వెనక చారలు, చూపులో ఇసుక రవ్వల్లాంటి మచ్చలు నిలిచిపోతే అది వేరే రుగ్మత. అలాంటివారిలో కొన్ని సైకోసిస్ మందులు, ముఖ్యంగా రిస్పెరిడోన్, ఆ చూపు సమస్యను పెంచిన సందర్భాలు ఉన్నాయి.

మూడో గుంపు, నిద్రకు, ఆందోళనకు ఇచ్చే బెంజోడయాజెపీన్ మందుల అనుకరణలు: క్లోనజోలామ్, ఫ్లూబ్రోమజోలామ్, బ్రోమజోలామ్, కొన్ని దేశాల్లో మందుగా అనుమతి ఉన్న ఎటిజోలామ్. డయాజెపామ్ అని ముద్రించిన మాత్రలో ఇవి ఉండొచ్చు. కాథినోన్ తర్వాత నిద్ర కోసం వేసుకునేవారే ఎక్కువ. వాడుతున్నప్పుడు మతిమరుపు, అదుపులేని ప్రవర్తన. ఒక్కసారిగా ఆపితే మూర్ఛలు, డెలీరియం (స్పృహ చెదిరిన తీవ్ర అయోమయం). కురచ ప్రభావం ఉన్నవాటితో ఇది ఒకటి రెండు రోజుల్లోనే మొదలవుతుంది. ఎక్కువకాలం శరీరంలో నిలిచేవాటితో వారం తర్వాత కూడా రావచ్చు. సైకోసిస్‌తో చేరిన రోగికి ఐదో రోజున హఠాత్తుగా వణుకు, జ్వరం, అయోమయం వస్తే ఈ కోణంలో వెతకాలి.

పరీక్ష 'నెగెటివ్' వస్తే ఏమీ వాడలేదని కాదు

ఆసుపత్రుల్లో వాడే మూత్ర పరీక్ష పట్టీలు యాంటీబాడీల మీద ఆధారపడి పనిచేస్తాయి. ఒక నిర్దిష్ట ఆకారంలో ఉన్న అణువునే ఆ యాంటీబాడీ పట్టుకుంటుంది. గంజాయి పట్టీ టీహెచ్‌సీ విచ్ఛిన్నమయ్యాక వచ్చే పదార్థాన్ని చూస్తుంది. సింథటిక్ కన్నాబినాయిడ్లకు దానితో ఆకారపు పోలిక లేదు. కాబట్టి రోగి పూర్తి మత్తులో ఉన్నా పట్టీ నెగెటివ్ చూపుతుంది. తప్పు రెండో దిక్కులోనూ జరుగుతుంది: కొన్ని కాథినోన్లు ఆంఫెటమైన్ లేదా పీసీపీ పట్టీ మీద పాజిటివ్ చూపించగలవు. వీటిని కచ్చితంగా గుర్తించాలంటే అణువుల బరువును కొలిచే మాస్ స్పెక్ట్రోమెట్రీ కావాలి. దానికీ పోల్చి చూసుకోవడానికి ఆ రసాయనం ప్రామాణిక నమూనా ఉండాలి, అది అణువు అంగట్లోకి వచ్చిన నెలల తర్వాత గానీ దొరకదు. అధిక విభేదన సామర్థ్యం ఉన్న యంత్రాలైతే తెలియని అణువు బరువును బట్టి అంచనా వేసి, నమూనా దొరికాక పాత ఫైలునే తిరిగి పరిశీలించగలవు.

ఆచరణలో దీనర్థం, రోగి వచ్చిన తొలి గంటల్లోనే మూత్రం, రక్తం తీసి కొంత భాగాన్ని గడ్డకట్టించి దాచాలి. సింథటిక్ కన్నాబినాయిడ్ల అసలు రూపం మూత్రంలో దాదాపు కనిపించదు, విచ్ఛిన్న పదార్థాలే ఉంటాయి. అందుకే రక్తం కూడా అవసరం. జేబులో మిగిలిన పొట్లం, కాగితం, వేప్ పరికరం వీటన్నిటికన్నా విలువైన సాక్ష్యం. వాటిని పారేయకుండా కవర్లో వేసి ఆసుపత్రికి ఇవ్వాలి.

పరీక్షకు దొరకవన్న సంగతి వాడేవారికీ తెలుసు. క్రమం తప్పకుండా మూత్ర పరీక్ష చేసే చోట్ల, అంటే జైళ్లలో, పెరోల్ మీద ఉన్నవారిలో, మానసిక వైద్యశాలల్లో ఇవి ఎక్కువగా వ్యాపించడానికి అదొక కారణం. అప్పటికే స్కిజోఫ్రీనియా ఉన్నవారు గంజాయి మాని వీటికి మారితే, మందులు సరిగ్గా వాడుతున్నా జబ్బు ఎందుకు తిరగబెట్టిందో వైద్యులకు అంతుపట్టదు. మందు మోతాదు పెంచుతూ పోతారు. అసలు కారణం అలాగే ఉండిపోతుంది.

మత్తు వల్ల వచ్చిందా, ముందే ఉన్న జబ్బా

మొదట తేల్చుకోవాల్సింది ఇది సైకోసిస్సా, డెలీరియమా అన్నది. సైకోసిస్‌లో మనిషికి తానెక్కడున్నాడో, రోజేమిటో సాధారణంగా తెలుసు. నమ్మకాలు తప్పుతాయి. డెలీరియంలో స్పృహ స్థాయే గంట గంటకూ మారుతుంది, సమయం, స్థలం తెలియవు, నెలల పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలో ఆగిపోతారు. కళ్లకు లేనివి కనిపించడం, చర్మం మీద పాకుతున్నట్టు ఉండటం, నాడి, జ్వరం, బీపీ అసాధారణంగా ఉండటం విషప్రభావాన్ని సూచిస్తాయి. నెలల తరబడి క్రమంగా ముడుచుకుపోవడం, తనను తిడుతూ రెండు గొంతులు మాట్లాడుకోవడం, కుటుంబంలో జబ్బు ఉండటం స్కిజోఫ్రీనియా వైపు చూపుతాయి. వీటిలో ఏ ఒక్కటీ దానంతట అది తీర్పు కాదు.

తీర్పు చెప్పేది కాలం. అమెరికా మనోవైద్య సంఘం డీఎస్‌ఎం-5 ప్రకారం, మత్తు లేదా విత్‌డ్రాయల్ (మానేసినప్పుడు వచ్చే బాధ) ముగిశాక కూడా సైకోసిస్ సుమారు నెలకు మించి సాగితే స్వతంత్రమైన జబ్బును అనుమానించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 గడువులు మరికొంత ఉదారం: వాడిన రెండు వారాల్లోపు మొదలై, నెలలో కొంతైనా తగ్గి, 6 నెలల్లో పూర్తిగా పోవాలి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11 ఒక ఉపయోగకరమైన మార్పు చేసింది. సింథటిక్ కన్నాబినాయిడ్లకు, సింథటిక్ కాథినోన్లకు విడివిడిగా కోడ్‌లు ఇచ్చింది. అంతకుముందు గంజాయి, ఉత్ప్రేరకాల పద్దుల్లో కలిసిపోయిన కేసులను వేరుగా లెక్కపెట్టడానికి ఇప్పుడు వీలుంది.

మత్తు దిగితే అంతా సర్దుకుంటుందన్న భరోసా అందరి విషయంలో నిజం కాదు. మత్తు పదార్థాల వల్ల వచ్చిన సైకోసిస్‌పై పలు అధ్యయనాలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో, సుమారు 25 శాతం మందికి తర్వాత స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయింది. గంజాయి అయితే 34 శాతం, భ్రాంతి కారకాలు 26 శాతం, ఆంఫెటమైన్లు 22 శాతం. డెన్మార్క్ ఆరోగ్య రికార్డుల ఆధారంగా 2018లో వెలువడిన అధ్యయనంలో 32 శాతం మందికి స్కిజోఫ్రీనియా లేదా బైపోలార్ రుగ్మత వచ్చింది. స్కిజోఫ్రీనియాకు మారినవారిలో సగం మంది తొలి మూడేళ్లలోనే మారారు. ఈ అంకెలు ప్రధానంగా పాత పదార్థాలవి. అయినా పాక్షిక ప్రేరణతోనే గంజాయి ఈ పట్టికలో పైన ఉందంటే, పూర్తి ప్రేరణ ఇచ్చే రసాయనాల విషయంలో తేలిగ్గా ఉండటానికి వీల్లేదు.

కారణాన్ని ఒక్క రసాయనానికే అంటగట్టడమూ సరికాదు. వంశపారంపర్య బలహీనత, బాల్యంలో పడిన దెబ్బలు, నిలువ నీడ లేని జీవితం, అప్పటికే మొదలై ఇంకా బయటపడని జబ్బు, దాని బాధను మరిచిపోవడానికి మత్తును ఆశ్రయించడం కలగలిసి ఉంటాయి. అదే పొట్లం పంచుకున్న నలుగురిలో ఒక్కరికే జబ్బు నిలిచిపోవడం వెనక ఇవే ఉంటాయి.

తొలి గంటల్లో చికిత్స ఎలా సాగాలి

వీటిలో వెనకాడకుండా ఇవ్వగల విరుగుడు మందు ఉన్నది ఓపియాయిడ్లకే. ఊపిరి మందగించి, కనుపాపలు సూదిమొనల్లా ఉంటే నలాక్సోన్ ఇవ్వాలి. నైటాజీన్లయితే ఒకటికి మించిన డోసులు అవసరం కావచ్చు. మిగిలినవాటికి లక్షణాలను బట్టే చికిత్స.

ఉద్రేకంగా ఉన్న రోగి దగ్గర మొదట చూడాల్సినవి రక్తంలో గ్లూకోజు, ఆక్సిజన్, ఒంటి వేడి. ఆ వెంటనే ఈసీజీ, సోడియం, కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్, కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటిన్ కైనేజ్. క్రియాటిన్ కైనేజ్ మామూలు గరిష్ఠానికి 5 రెట్లు దాటితే కండరాలు కరుగుతున్నట్టే. సెలైన్ మొదలుపెట్టి కిడ్నీలను కాపాడాలి. నిశ్శబ్దమైన గది, తక్కువ వెలుతురు, ఒక్కరే మాట్లాడటం కూడా చికిత్సలో భాగమే. మందుల్లో తొలి ఎంపిక బెంజోడయాజెపీన్లు: లోరజెపామ్ 2 నుంచి 4 మిల్లీగ్రాములు, లేదా కండరానికి మిడజోలామ్ 5 మిల్లీగ్రాములు, ఊపిరిని గమనిస్తూ అవసరమైతే మళ్లీ. ఉద్రేకం, మూర్ఛ, అధిక బీపీ, వేడి నాలుగింటికీ ఒకేసారి పనిచేయడం వీటి లాభం. ఓపియాయిడ్, మద్యం కలిశాయన్న అనుమానం ఉంటే మోతాదు తగ్గించి, ఊపిరికి సాయం సిద్ధంగా ఉంచుకోవాలి.

హాలోపెరిడాల్ వంటి సైకోసిస్ మందులను మొదటే ఇవ్వడం ఎందుకు మంచిది కాదంటే, అవి మూర్ఛ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి, గుండె లయను చెడగొట్టగలవు, కొన్ని చెమటను ఆపి వేడిని పెంచుతాయి. ఈసీజీలో క్యూటీసీ (ప్రతి స్పందన తర్వాత గుండె విద్యుత్తు సర్దుకోవడానికి పట్టే సమయం) 500 మిల్లీసెకన్లు దాటితే పక్కన పెట్టాల్సిందే. మత్తు విషప్రభావం తగ్గాక కూడా అనుమానాలు నిలిచి ఉంటే అప్పుడు వాటి అవసరం వస్తుంది.

బలవంతంగా బోర్లా పడేసి అణచిపెట్టడం అన్నిటికన్నా ప్రమాదకరం. అప్పటికే ఆమ్లత పెరిగిన రక్తంతో, ఉడికిపోతున్న ఒంటితో ఉన్న మనిషి వేగంగా ఊపిరి తీసి ఆ ఆమ్లతను సరిచేసుకుంటూ ఉంటాడు. ఛాతీ మీద బరువు పడితే ఆ దారి మూసుకుపోయి గుండె ఆగిపోతుంది. ఇలాంటి మరణాలకు 'ఎక్సైటెడ్ డెలీరియం' అన్న పేరు పెట్టి సరిపెట్టే అలవాటు చాలాకాలం సాగింది. అమెరికా అత్యవసర వైద్యుల కళాశాల ఆ పేరును సమర్థించిన తన 2009 పత్రాన్ని 2023లో ఉపసంహరించుకుంది. పట్టుకోక తప్పకపోతే వెల్లకిలా లేదా పక్కకు, అతి కొద్ది సేపు, వెంటనే మందుతో.

మెఫిడ్రోన్ వంటివాటిని డిప్రెషన్ మందులతోనో ట్రమడాల్‌తోనో కలిపి వాడినవారిలో సెరటోనిన్ సిండ్రోమ్ రావచ్చు. గంటల్లో మొదలవుతుంది, పాదాన్ని పైకి వంచితే అది లయబద్ధంగా కొట్టుకుంటుంది, విరేచనాలు, పెద్దవైన కనుపాపలు ఉంటాయి. సైకోసిస్ మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ మాత్రం రోజుల్లో ముదురుతుంది, కండరాలు ఇనుప గొట్టంలా బిగుస్తాయి. మొదటిదానికి కారణమైన మందు ఆపడం, బెంజోడయాజెపీన్లు, నోటిద్వారా సైప్రోహెప్టడీన్ 12 మిల్లీగ్రాములు. వేడి 41 డిగ్రీలు దాటితే జ్వరం మాత్రలు పనిచేయవు, ఎందుకంటే ఆ వేడి కండరాల్లోంచి పుడుతోంది. కండరాలను పూర్తిగా సడలించి కృత్రిమ శ్వాస మీద పెట్టి చల్లబరచాలి. నకిలీ నిద్రమాత్రల మత్తులో ఉన్నవారికి బెంజోడయాజెపీన్ల ప్రభావాన్ని తిప్పికొట్టే ఫ్లుమజెనిల్ ఇచ్చి లేపాలన్న ఆలోచన కూడా ప్రమాదమే. అలవాటు పడిన మెదడులో అది మూర్ఛలను రేపుతుంది.

ఆసుపత్రికి చేరేలోపు పక్కనున్నవారు చేయగలిగింది తక్కువే, కానీ అది ప్రాణం నిలుపుతుంది. అంబులెన్సుకు ఫోన్ చేయాలి, ఒంటరిగా వదలకూడదు, స్పృహ తప్పుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఒళ్లు కాలిపోతుంటే బట్టలు వదులు చేసి తడిగుడ్డతో తుడిచి గాలి ఆడనివ్వాలి. నిద్రమాత్ర వేసి పడుకోబెట్టే ప్రయత్నం వద్దు. ఏం వాడాడో వైద్యులకు దాచకుండా చెప్పాలి. నిందలకు, ప్రశ్నలకు అది సమయం కాదు.

ఇంటికి వెళ్లాక

సింథటిక్ కన్నాబినాయిడ్ల లేదా కాథినోన్ల వ్యసనాన్ని మాన్పించే ప్రత్యేకమైన మందేదీ లేదు. ఉన్నవి మాటలతో సాగే చికిత్సలు: మానాలన్న కోరికను రోగి నోటితోనే పలికించే సంభాషణ, వాడాలనిపించే సందర్భాలను ముందే గుర్తించే సీబీటీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే చికిత్స), మత్తు లేని ప్రతి వారానికి చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి. చివరిది ఉత్ప్రేరకాల వ్యసనంలో బాగా ఫలితం చూపింది. కానీ అది పరీక్ష ఫలితం మీద నడుస్తుంది. కొత్త పదార్థాలు పరీక్షకు దొరకకపోతే ఆ పద్ధతి అక్కడే కుంటుపడుతుంది. నకిలీ బెంజోడయాజెపీన్లకు అలవాటు పడ్డవారిని ఒక్కసారిగా మాన్పించకూడదు. తెలిసిన, నెమ్మదిగా పనిచేసే డయాజెపామ్‌కు మార్చి, వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి.

సైకోసిస్ మందులు మొదలుపెట్టి ఉంటే తక్కువ మోతాదులో కొనసాగించి, నెల గడిచాక మత్తు లేని స్థితిలో రోగిని తిరిగి పరీక్షించి ఆపాలా వద్దా నిర్ణయించాలి. తొలి వారంలోనే ఒకసారి చూడటం అవసరం, ఎందుకంటే పతనం తర్వాతి నిరాశ అప్పుడే కమ్ముతుంది. తర్వాత నెల నెలా, లక్షణాలు పూర్తిగా పోయినా కనీసం మూడేళ్లపాటు అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి. మత్తు సైకోసిస్ స్కిజోఫ్రీనియాగా మారడం ఎక్కువగా జరిగే కాలం అదే. నిద్ర తగ్గడం, స్నేహితులకు దూరం కావడం, చదువులో లేదా పనిలో ఒక్కసారిగా వెనకబడటం కుటుంబం గమనించగల తొలి సూచనలు. జైలు నుంచో చికిత్సా కేంద్రం నుంచో బయటికి వచ్చినవారికి ఒక విషయం విడిగా, స్పష్టంగా చెప్పాలి. శరీరం పాత అలవాటును మరిచిపోయి ఉంటుంది, ఈలోగా బయట అంగట్లో అదే పేరుతో ఇంకా బలమైన పదార్థం వచ్చి ఉంటుంది, ఒకప్పటి మోతాదు ఇప్పుడు చంపగలదు.